రిపేరులో ఉన్న గోల్ఫు

వరప్రసాదానికి అసూయ అంటే ఏమిటో తెలియదు. ఈ సంగతి ఆయనే అందరికీ చెబుతుండేవాడు.

తోడల్లుడు అంద్రెయ కొత్త స్కూటరు కొన్నప్పుడు, "నాకేం అసూయ లేదు గానీ, ఆ రంగు ఎండకి తొందరగా వెలిసిపోతుంది" అన్నాడు. అదే అంద్రెయకి రేపల్లె బ్యాంకులో ప్రమోషన్ వచ్చినప్పుడు, "నాకేం అసూయ లేదు గానీ, ఆ సీట్లో కూర్చున్నవాళ్ళకి బీపీ వస్తుంది" అన్నాడు. ఆ తర్వాత ఆ రంగు ఎప్పుడు వెలుస్తుందా, ఆ బీపీ ఎప్పుడొస్తుందా అని ఓపిగ్గా ఎదురుచూస్తూ ఉండేవాడు. రెండూ ఆలస్యమవుతున్నాయి.

వరప్రసాదం తెనాలిలో ఆడిట్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. పంచాయతీల లెక్కలు చూసి అభ్యంతరాలు రాయడం ఆయన ఉద్యోగం. రాసి రాసి, అభ్యంతరం లేని వస్తువు కంటబడితే ఆయనకి అనుమానం వచ్చే స్థితికి చేరుకున్నాడు. చర్చిలో ప్రసంగం విన్నా ఒక అభ్యంతరం, ఇంట్లో పప్పు తిన్నా ఒక అభ్యంతరం. భార్య సుశీల పెళ్ళయిన కొత్తలో ఏడ్చేది. తర్వాత తెలివొచ్చి, అభ్యంతరానికి వీలుగా వండటం నేర్చుకుంది. పప్పులో ఉప్పు ఒక పిసరు తక్కువ వేసేది. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు చాల్లేదు" అని ప్రకటించి, తన డ్యూటీ తాను చేసినవాడిలా తృప్తిగా తినేవాడు. కాపురం సాఫీగా సాగిపోతోంది.

ఆయనకి ఈ లోకంలో అభ్యంతరం లేని వస్తువు ఒక్కటే ఉంది. బాపట్లలో మామగారింట్లో ఉన్న పడక కుర్చీ.

మామగారు కొండయ్య మేష్టారు మిషన్ స్కూల్లో హెడ్మాష్టరుగా చేసి రిటైరయ్యారు. నెలనెలా రెండో ఆదివారం కూతుళ్ళిద్దరూ అల్లుళ్ళతో రావాలని ఆయన రూలు. పెద్దల్లుడు వరప్రసాదం తెనాలి నుంచి, చిన్నల్లుడు అంద్రెయ రేపల్లె నుంచి దిగేవారు. చర్చి, తర్వాత చందువా చేపల పులుసుతో భోజనం, ఆ తర్వాత ఫాను కింద పడక కుర్చీలో పెద్దల్లుడు. చిన్నల్లుడికి గోడవారగా ఇనప కుర్చీ. అది ఎవరూ రాసిపెట్టింది కాదు, కానీ పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే. అంద్రెయకి ఎన్ని స్కూటర్లున్నా, ఆ ఇనప కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి చూస్తే వరప్రసాదానికి మనసు కుదుటపడేది.

తొంభై మూడులో ఆ కుర్చీకి ముప్పొచ్చింది.

అంద్రెయ మద్రాసు వెళ్ళి, టీవీకి తగిలించే వీడియో గేము ఒకటి తెచ్చాడు. పిల్లల కోసమని చెప్పాడు. అది నిజమే. పిల్లల్ని పక్కగదిలో బైబిలు వాక్యాలు బట్టీ పట్టమని కూర్చోబెట్టి, పెద్దవాళ్ళంతా పిల్లల ఆట చుట్టూ చేరారు. రేపల్లెలో అద్దె వాటాలో ఉంటున్నాను కాబట్టి దీన్ని మావయ్యగారింట్లోనే ఉంచేస్తాను, అందరూ ఆడుకోవచ్చు అన్నాడు అంద్రెయ. ఆ ఉదారబుద్ధి వరప్రసాదానికి ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడ గుచ్చుకుంది.

"తుపాకీల క్యాసెట్టు అయిపోయిందన్నాడండీ షాపువాడు. గోల్ఫు ఒక్కటే ఉందన్నాడు" అన్నాడు అంద్రెయ, క్యాసెట్టులో గట్టిగా ఊది మిషనులో దోపుతూ.

"అంటే ఎవరూ కొననిది నీకు అంటగట్టాడన్నమాట" అన్నాడు వరప్రసాదం.

టీవీలో గడ్డి మైదానం ఒకటి ప్రత్యక్షమైంది. టోపీ పెట్టుకున్నవాడొకడు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. దూరంగా చిన్న జెండా. మేష్టారి టీవీ బ్లాక్ అండ్ వైటు. రంగుల టీవీ అన్న గౌరవం కోసం దాని అద్దం మీద ఒక ప్లాస్టిక్ షీటు తగిలించారు. ఆ షీటు పైభాగం నీలం, మధ్యలో కొంచెం గులాబీ, కిందంతా పచ్చ. ఇన్నాళ్ళూ వార్తలు చదివే ఆమెకి నీలం జుట్టూ, పచ్చ చీరా తప్పేవి కావు. ఇప్పుడు మొదటిసారి ఆ షీటుకి తగిన ప్రోగ్రాం దొరికింది. పైన ఆకాశం నీలం. కింద గడ్డి పచ్చ. మేష్టారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"చూశావా సుందరమ్మా, షీటు దండగ అన్నావు!" అన్నారు భార్యతో.

"గడ్డి ఏపుగా ఉంది. గేదెల్ని తోలుకోవచ్చు" అంది సుందరమ్మ.

అంద్రెయ ఆట చెప్పాడు. బటను ఒకసారి నొక్కితే కింద ఒక గీత పరిగెత్తడం మొదలవుతుంది. రెండోసారి నొక్కితే దెబ్బకి ఎంత బలమో తేలుతుంది. మూడోసారి సరిగ్గా తెల్ల గుర్తు మీద నొక్కితే బంతి తిన్నగా పోతుంది. తప్పితే పక్కకి పోతుంది. ఎవరు తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలో వేస్తే వాళ్ళు గెలిచినట్టు.

"తక్కువొస్తే గెలుపా?" అన్నారు మేష్టారు. సర్వీసంతా మార్కులేసిన మనిషి. "ఇలాంటి పరీక్ష ఉందని తెలిస్తే మా స్కూల్లో చాలామంది ఫస్టున పాసయ్యేవాళ్ళు."

సారా, అంటే అంద్రెయ భార్య, చెల్లెలి గారాబంతో అక్క వైపు తిరిగి, "బావగారిని కూడా ఆడమనవే అక్కా" అంది.

వరప్రసాదం ఆడాడు. బంతి కుడివైపు చెట్లలోకి పోయింది. ఇంకోటి చెరువులో పడింది. చెరువెక్కడుందో ఎవరికీ తెలియదు. షీటు పుణ్యమా అని చెరువూ పచ్చే, గడ్డీ పచ్చే. బుడుంగుమన్నాకే అక్కడ నీళ్ళున్నాయని తెలిసేది. అంద్రెయకి మాత్రం అదృష్టం కొద్దీ నీళ్ళు తగల్లేదు.

ఓడిపోయాక వరప్రసాదం ఆట లోపాలు చెప్పడం మొదలుపెట్టాడు.

"నాకేం అసూయ లేదు గానీ, బంతి చెరువులో పడింది కదా. మళ్ళీ వాడి ముందుకి కొత్త బంతి ఎలా వచ్చింది?"

"ఒక దెబ్బ పెనాల్టీ వేస్తారు అన్నయ్యా" అన్నాడు అంద్రెయ.

"పెనాల్టీ వేశారు, బాగానే ఉంది. పాత బంతి రికవరీ ఏది? కొత్త బంతి ఎవరు శాంక్షను చేశారు? అదీకాక, ఆ టోపీవాడికి మొహం లేదు. మొహం లేనివాడు సంతకం పెట్టలేడు, బాధ్యత వహించలేడు. ఇంకొకటి. అంత మైదానంలో నరపురుగు లేదు. మీ రేపల్లె వైపైతే ఈపాటికి రెండు పంటలు తీసేవాళ్ళు."

"ఆటలో పంటలేంటి బావగారూ!" అని సారా నవ్వింది.

మేష్టారు గొంతు సవరించుకున్నారు. ఆయన గొంతు సవరించుకుంటే ఇంట్లో అసెంబ్లీ గంట కొట్టినట్టే. "నాకు మాత్రం ఈ ఆట నచ్చింది. చంపుకోవడాల్లేవు. దూకడాల్లేవు. బంతి గుంటలో పడితే అతను టోపీ తీసి వందనం చేస్తున్నాడు. అన్నిటికంటే ముఖ్యం, ఎదుటివాడు ఆడుతున్నంతసేపూ మిగతావాళ్ళు నోరు మూసుకుని కూర్చోవాలి. ఈ క్రమశిక్షణ మన కుటుంబానికి అవసరం. నెలనెలా పోటీ పెడదాం. గెలిచినవారు..." ఆయన చూపు గదంతా తిరిగి పడక కుర్చీ మీద ఆగింది. "గెలిచినవారు అందులో కూర్చుంటారు."

అంద్రెయ "ఎందుకులెండి మావయ్యగారూ" అంటూనే వెళ్ళి కూర్చున్నాడు. వరప్రసాదం ఇనప కుర్చీలో కూర్చున్నాడు. అది వెనక్కి వాలదన్న సంగతి ఆయనకి ఆ రోజే తెలిసింది.

తెనాలి వచ్చే రైల్లో సుశీలతో అన్నాడు. "వోల్టేజి లేదు. అందుకే బంతి పోలేదు."

ఇది ఓడినవాడి సాకు అనుకోవద్దు. ఆ ఇంట్లో అందరికీ అదే నమ్మకం. సాయంత్రం వోల్టేజి పడిపోతే టీవీలో బొమ్మ నాలుగు వైపులా కుంచించుకుపోయేది. బొమ్మే కుంచించుకుపోయినప్పుడు బంతికి మాత్రం బలం ఎక్కణ్ణించి వస్తుంది? కొండయ్య మేష్టారు సైన్సు కూడా చెప్పిన మనిషి, ఆయనా కాదనలేదు. "కరెంటుతో నడిచే బంతికి కరెంటు కావాలి" అన్నారు.

మరుసటి నెల వరప్రసాదం తన టీవీ స్టెబిలైజరు ఊడదీసి, తువ్వాలులో చుట్టి, ఒళ్ళో పసిపిల్లలా పెట్టుకుని బాపట్ల తీసుకెళ్ళాడు. తగిలించారు. అది టక్కుమంది. బొమ్మ నిండుగా వచ్చింది. వరప్రసాదం పూర్తి వోల్టేజితో కొట్టాడు. బంతి ఇదివరకెన్నడూ పోనంత దూరం పోయి, ఇదివరకెన్నడూ చూడని చెరువులో పడింది.

"అన్నయ్య ధర్మమా అని ఇవాళ బొమ్మ స్పష్టంగా ఉంది" అన్నాడు అంద్రెయ, గెలిచాక, పడక కుర్చీలో వెనక్కి వాలుతూ. ఆ మాటలో వెటకారం లేదు. అంద్రెయకి వెటకారం రాదు. అదే వరప్రసాదానికి భరించలేనిది. తిట్టుకోవడానికైనా ఆస్కారం ఇవ్వని తోడల్లుడు దొరకడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుసు.

వెళ్ళేటప్పుడు స్టెబిలైజరు ఊడదీయబోతే, "ఉంచు నాయనా, ఫాను కూడా బాగా తిరుగుతోంది" అంది సుందరమ్మ. ఉంచేశాడు.

ఇక మూడో నెల. అంద్రెయ క్యాసెట్టులో ఊదాడు, దోపాడు, బటను నొక్కాడు. టీవీలో గీతలు తప్ప ఏమీ రాలేదు. సారా ఊదింది. మేష్టారు ఊదారు. చుట్టలు కాల్చిన ఊపిరి కాబట్టి సుందరమ్మ వద్దంది, మళ్ళీ సారా ఊదింది. లాభం లేదు.

మిషను వెనకాల వైరు ఒకటి సగం ఊడి వేళ్ళాడుతోంది. అది చూసినవాడు వరప్రసాదం ఒక్కడే. ఆడిట్ చేసేవాడు చూసిన ప్రతిదీ అప్పటికప్పుడు చెప్పడు. మనసులో పెట్టుకుని, సమయం వచ్చినప్పుడు వాడుకుంటాడు.

"ఇది ఇక్కడ అయ్యే పని కాదు. తెనాలిలో నాకు తెలిసిన మెకానిక్ ఉన్నాడు. నేను పట్టుకెళ్ళి చూపిస్తాను" అన్నాడు.

"మీకెందుకు శ్రమ అన్నయ్యా!"

"శ్రమేముంది తమ్ముడూ. మనలో మనకి."

అంద్రెయ కళ్ళు చెమర్చాయి. స్టేషను దాకా తనే మోసుకొచ్చి ఇచ్చాడు.

ఆ సాయంత్రమే వరప్రసాదం తెనాలిలో తన ఇంట్లో వైరు నొక్కి పెట్టాడు. రిపేరు పూర్తయింది. మర్నాటి నుంచి ఆఫీసు నుంచి రాగానే తలుపేసి, కిటికీలకి దుప్పట్లు కట్టి, బనీనుతో టీవీ ముందు కూర్చునేవాడు.

"ఎవరికన్నా తెలిస్తే ఏవనుకుంటారండీ" అంది సుశీల.

"తెలిస్తే కదా. రిపేరులో ఉంది. అంతే."

పక్కింటి సీతారావమ్మ రెండు రోజులు చూసి మూడోరోజు గోడ మీంచి అడగనే అడిగింది. "ఏంటమ్మా సుశీలా, పొద్దుండగానే దుప్పట్లు కట్టారు?"

"మావారికి కళ్ళకలక వదినా" అంది సుశీల, నోటికొచ్చింది.

దాంతో వరప్రసాదం వారం రోజులు నల్ల కళ్ళజోడు పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాల్సి వచ్చింది. ఒక పంచాయతీ గుమస్తా అది చూసి భయపడి, అడగని వోచర్లు కూడా తెచ్చి ఇచ్చాడు.

తెనాలి ఇంట్లో టీవీ నిజమైన రంగులది. మొదటిరోజే వరప్రసాదానికి జ్ఞానోదయమైంది. చెరువులు నీలంగా ఉన్నాయి! అన్నీ కళ్ళెదుటే ఉన్నాయి! ఇసక గుంటలు పసుపుగా, చెట్లు ముదురాకుపచ్చగా, టోపీవాడి టోపీ ఎర్రగా. బాపట్లలో గుడ్డివాళ్ళ పోటీ నడుస్తోందన్నమాట. ఏ గుంట దగ్గర ఏ చెరువు ఎటుందో ఆయన కంఠతా పట్టాడు. పక్కగదిలో పిల్లలు కూడా వాళ్ళ పాఠాలు కంఠతా పడుతున్నారు. చదువుకునే వాతావరణం అంటే ఆ ఇంట్లోనే చూడాలి.

అయితే రోజులు గడిచేకొద్దీ ఒక ఇబ్బంది ఎదురైంది. ఆయనకి ఆ ఆట నచ్చడం మొదలైంది.

ఎవరికీ చెప్పలేదు గానీ, దాని మంచి గుణాలు ఒక్కొక్కటీ తెలిసొచ్చాయి. ఆ టోపీవాడు ఎంతసేపైనా ఆగుతాడు. కాఫీ తాగి రావచ్చు, స్నానం చేసి రావచ్చు. కర్ర పట్టుకుని అక్కడే నిలబడి ఉంటాడు. ఆఫీసులో సూపరింటెండెంటు ఆగడు, స్టేషన్లో రైలు ఆగదు, ఇంటికొచ్చిన చుట్టాలు వడ్డించేదాకా ఆగరు. తన కోసం ఇంత ఓపిగ్గా ఎదురుచూసిన మనిషి వరప్రసాదానికి జీవితంలో తారసపడలేదు. తప్పు కొట్టినా తిట్టడు. మంచిగా కొడితే బంతి అలా గాల్లోకి లేచి, చిన్నదై, చిన్నదై, ఆకాశంలో చుక్కై, మళ్ళీ మెల్లగా దిగుతుంటే ఛాతీలో ఏదో చల్లగా జారేది. ఒకటి రెండుసార్లు అంద్రెయ సంగతి కూడా మర్చిపోయాడు. గుర్తు రాగానే తనని తాను మందలించుకుని, మళ్ళీ కసిగా కొట్టేవాడు.

రెండో ఆదివారాలు రెండు వచ్చి వెళ్ళాయి. "ఇంకా రిపేరులోనే ఉంది, పార్టు దొరకట్లేదట" అన్నాడు. ఆట లేకపోవడంతో పడక కుర్చీ ఖాళీగా ఉంచారు. చివరిసారి గెలిచింది అంద్రెయ కాబట్టి హక్కు అతనిదే, కానీ అన్నయ్య నిలబడి ఉండగా తానెలా కూర్చుంటానని కూర్చోలేదు. దాని మీద దినపత్రిక పెట్టారు.

ఆ మధ్యలో ఒక గురువారం అంద్రెయ హఠాత్తుగా ఊడిపడ్డాడు. రేపల్లె రైలు దిగి, బాపట్ల బండికి టైముందని ఇంటికొచ్చాడు. వరప్రసాదం మిషను మీద దుప్పటి కప్పి, దాని మీద తను కూర్చున్నాడు.

"మెకానిక్ షాపు ఎక్కడన్నయ్యా? నేనూ వెళ్ళి ఒకసారి అడిగొస్తాను. మీరొక్కరే తిరుగుతున్నారు, నాకు సిగ్గుగా ఉంది."

"ఇవాళ సెలవు."

"గురువారం సెలవేంటండీ?"

వరప్రసాదం కింద ఏదో బటను నొక్కుకుపోయి టింగుమంది. ఆయన గట్టిగా దగ్గాడు. "అతని అత్తగారు పోయారు."

"అయ్యో!" అన్నాడు అంద్రెయ, నిజంగానే బాధపడి. "పెద్దావిడా?"

"పెద్దావిడే. చాన్నాళ్ళుగా మంచంలో ఉంది" అన్నాడు వరప్రసాదం. ఒకసారి చంపాక వయసు తగ్గించడం ఎందుకని.

అంద్రెయ ఆ వార్త బాపట్ల మోసుకెళ్ళాడు. ఆ రాత్రి నుంచి సుందరమ్మ కుటుంబ ప్రార్థనలో ఆ మెకానిక్ కుటుంబాన్ని చేర్చుకుంది. మళ్ళీ రెండో ఆదివారం భోజనాల ముందు అందరూ తలలు వంచినప్పుడు, "తండ్రీ, తల్లిని పోగొట్టుకున్న ఆ మెకానిక్ భార్యకు ఆదరణ దయచేయుము" అంది. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది వరప్రసాదమే.

ఇదిలా ఉండగా ఒక సాయంత్రం ఆ ఘోరం జరిగింది.

మూడో గుంట. మధ్యలో పెద్ద చెరువు, అవతల చిన్న దిబ్బ మీద జెండా. వరప్రసాదం బటను నొక్కాడు. నొక్కాడు. నొక్కాడు. గీత తెల్ల గుర్తు మీద మేకు కొట్టినట్టు ఆగింది. బంతి లేచింది. చెరువు దాటింది. దిబ్బ మీద పడి, ఒకసారి ఎగిరి, పిల్లి నడకలా మెల్లగా దొర్లుకుంటూ జెండా దగ్గరికి పోయి, కనబడకుండా పోయింది. టోపీవాడు టోపీ తీశాడు. ఎప్పుడూ లేని పాట ఒకటి మోగింది.

ఒకే ఒక్క దెబ్బ!

"సుశీలా! సుశీలా!"

సుశీల గంజి వారుస్తోంది. ఆ గిన్నె అక్కడే దించి, చెయ్యి కాల్చుకుని, పరిగెత్తుకొచ్చింది. "ఏంటండీ, ఏమైంది?"

"పడింది!"

"ఎక్కడ పడింది? పిల్లలేరీ?"

వరప్రసాదం టీవీ వైపు చూపించాడు. అక్కడ నాలుగో గుంట వచ్చేసింది. టోపీవాడు ఏమీ ఎరగనట్టు కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"బాగుంది" అంది సుశీల, కాలిన వేలు నోట్లో పెట్టుకుని, లోపలికి వెళ్ళిపోయింది.

ఆటలో అన్నిటికంటే పెద్ద లోపం అప్పుడు బయటపడింది. అది జరిగిన దానికి సాక్ష్యం ఉంచదు. మర్నాడు ఆఫీసులో చెబుదామంటే గోల్ఫు అంటే ఏమిటో మొదట్నించీ చెప్పాలి. చెప్పి చూశాడు. "ఒక్క దెబ్బలో పడితే ఆట తొందరగా అయిపోయినట్టే కదండీ, పాపం" అన్నాడు ఎదురుసీటాయన. మూడో గుంట విలువ తెలిసినవాళ్ళు భూమ్మీద నలుగురే ఉన్నారు. ఆ నలుగురూ బాపట్లలో కలుస్తారు. వాళ్ళ లెక్కలో మిషను మెకానిక్ దగ్గరుంది. రిపేరులో ఉన్న మిషను మీద ఎవడూ ఒక్క దెబ్బలో బంతి వెయ్యలేడు.

వరప్రసాదం చిక్కిపోయాడు. చివరికి, పోనీ బాపట్లలోనే అందరి ముందూ గెలిచి కుర్చీ తెచ్చుకుందామని, పై నెల మిషను పట్టుకెళ్ళాడు.

"అయిందా అన్నయ్యా! ఎంతిచ్చారు? నేనిస్తాను" అన్నాడు అంద్రెయ.

"పాపం, అతను ఏమీ తీసుకోలేదు."

"అంత దుఃఖంలో కూడా!" అంది సుందరమ్మ.

ఆట మొదలైంది. చెరువులెక్కడున్నాయో వరప్రసాదానికి తెలుసు. మొదటి గుంటలో గెలిచాడు. రెండో గుంటలో గెలిచాడు. సారా నోరు తెరుచుకుని చూస్తోంది. పడక కుర్చీ మీద దినపత్రిక ఫాను గాలికి రెపరెపలాడుతోంది, ఇదిగో తీసేస్తున్నాం కూర్చోండి అన్నట్టు.

మూడో గుంట. వరప్రసాదం ఒక్క క్షణం ఆలస్యంగా నొక్కాడు. గీత తెల్ల గుర్తు దాటిపోయింది. బంతి చెరువులోకి బుడుంగుమంది.

అంద్రెయ వంతు. పొరపాటున ఎక్కువ బలం పెట్టాడు. ఆ పొరపాటు వల్లే బంతి చెరువు దాటి జెండా పక్కన పడింది. రెండో దెబ్బకి గుంటలో వేసేశాడు.

ఇల్లు దద్దరిల్లింది. మేష్టారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "రెండు దెబ్బలు! మూడో గుంటలో రెండే దెబ్బలు! ఇదివరకు నాలుక్కి తగ్గినవారు లేరు!"

"ఈయన చెయ్యే అంత నాన్నా" అంది సారా. "ఈ గుంటలో రెండు దెబ్బలంటే మన కుటుంబంలో ఇంకెవరి వల్లా కాదు."

వరప్రసాదం ఓర్చుకున్నాడు. చప్పట్లు ఆగలేదు. పిల్లలు కూడా వాక్యాలు వదిలి వచ్చి చప్పట్లు కొట్టారు. తన సొంత పిల్లలు కూడా. ఆయన లోపల ఏదో వైరు ఊడింది.

"రెండేనా!" అని అరిచాడు. "నేను ఒక్క దెబ్బలో వేశాను!"

చప్పట్లు ఆగాయి.

"ఎప్పుడండీ?" అన్నాడు అంద్రెయ.

"పోయిన నెల."

"పోయిన నెల మిషను మెకానిక్ దగ్గరుంది కదన్నయ్యా?"

వరప్రసాదం చుట్టూ చూశాడు. ఒకవైపు పరువు. ఇంకోవైపు మూడో గుంట. ఆయన ఎక్కువసేపు ఆలోచించలేదు. అబద్ధాలకోరు అనిపించుకున్నా మానిపోతుంది. అంద్రెయ రెండు దెబ్బలకే కుటుంబ చరిత్రలో నిలిచిపోతే అది మానేది కాదు.

"మెకానిక్ లేడు, గికానిక్ లేడు. వైరు ఊడింది, నేనే పెట్టుకున్నాను. మా ఇంట్లోనే ఉంది. రోజూ ఆడాను. మూడో గుంటలో ఒక్క దెబ్బలో వేశాను. పాట కూడా వచ్చింది!"

మొదట తేరుకున్నది సుందరమ్మ.

"అయితే అతని అత్తగారు?"

"లేరండీ."

"పోయారనే కదయ్యా చెప్పావు!"

"అసలే లేరు అత్తయ్యగారూ. పుట్టలేదు."

"రోజూ ప్రార్థన చేశానయ్యా!" అంది సుందరమ్మ కూలబడిపోతూ. "ఆదరణ దయచేయమని! అదంతా ఎవరికి పోయినట్టు?"

మేష్టారు గొంతు సవరించుకున్నారు. "ఆ సంగతి తర్వాత. ముందు ఆట. ఒక్క దెబ్బ అంటున్నారు. సాక్ష్యం ఏది ప్రసాదంగారూ? మీరే అంటారుగా, కాయితం లేని ఖర్చు ఖర్చు కాదని."

వరప్రసాదం భార్య వైపు చూశాడు. ఆ చూపు సుశీల పెళ్ళిచూపుల్లో కూడా చూడలేదు. "చెప్పు సుశీలా. పిలిచాను కదా. వచ్చావు కదా."

"వచ్చాను నాన్నా. కానీ నేనొచ్చేసరికి నాలుగో గుంట వచ్చేసింది. నేను చూడలేదు."

సారా ముసిముసిగా నవ్వింది. వరప్రసాదం తల దించుకున్నాడు.

"కానీ ఒకటి చెబుతాను" అంది సుశీల. "ఆ రోజు చెయ్యి కాలిన గాభరాలో పప్పులో ఉప్పు వెయ్యడం అసలే మర్చిపోయాను. తక్కువ కాదు, అసలే లేదు. ఈయన ఏమీ అనలేదు. రెండోసారి కూడా వేయించుకుని తిన్నారు."



"ఉప్పు లేకుండానా?" అన్నారు మేష్టారు.

"చిటికెడు కూడా లేదు నాన్నా."

"ఏమీ అనలేదా?"

"బాగుందన్నారు."

మేష్టారు అల్లుడి వంక చాలాసేపు చూశారు. చందువా పులుసులో పులుపు మీద, పెళ్ళిలో పందిరి ఎత్తు మీద, తన రిటైర్మెంటు సభలో పూలదండ పొడుగు మీద ఈ మనిషి చెప్పిన అభ్యంతరాలన్నీ ఆయనకి గుర్తొచ్చి ఉండాలి.

"పడింది" అన్నారు చివరికి. "ఒక్క దెబ్బలోనే పడింది. అనుమానం లేదు. అబద్ధానికి చర్చిలో క్షమాపణ అడుక్కోండి. కుర్చీలో మాత్రం కూర్చోండి."

దినపత్రిక తీసేశారు. వరప్రసాదం పడక కుర్చీలో కూర్చుని మెల్లగా వెనక్కి వాలాడు. గుడ్డ కొంచెం జారినట్టు అనిపించింది. అయినా ఏమీ అనలేదు.

అంద్రెయ అభినందించాడు. ఇనప కుర్చీలో నిటారుగా కూర్చుని, మూడో గుంట మళ్ళీ పెట్టాడు. కొట్టాడు. రెండు. మళ్ళీ పెట్టాడు. మూడు. టీ వచ్చి చల్లారిపోయింది. సారా పిలిస్తే పలకలేదు. మళ్ళీ పెట్టాడు. రెండు. అతని మొహంలో ఏదో మారింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి, పెదవి ఒక పక్కకి పోయింది. ఆ మొహం వరప్రసాదం రోజూ గడ్డం గీసుకునేటప్పుడు చూసేదే.

రైలు టైమైంది. అంద్రెయ మిషను వైర్లు మెల్లగా చుట్టి, చంకలో పెట్టుకున్నాడు.

"నాకేం అసూయ లేదు గానీ అన్నయ్యా," అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా, "దీంట్లో ఏదో గుయ్యిమని చప్పుడొస్తోంది. రేపల్లెలో నాకు తెలిసిన మెకానిక్ ఒకడున్నాడు."

వంటింటి గుమ్మంలోంచి సుందరమ్మ తొంగిచూసింది.

"అతనికి అత్తగారుందా బాబూ?"